డ్రైవింగు మేష్టారి గొంతు

బుల్లికి సర్దడం ఒక జబ్బు. బల్ల మీద ఏ వస్తువైనా రెండు పూటలు కదలకుండా పడి ఉందంటే ఆ ఇంట్లో దానికి నూకలు చెల్లినట్టే. అన్నయ్య స్కూటరు రెండో తాళం, వదిన చెవిపోగుల్లో ఒకటి, వారంటీ కార్డులు, ఇంకా ఇంకున్న పెన్నులు, అన్నీ ఆమె చేతుల మీదుగానే చెత్తబుట్టకు చేరాయి. "మీ చెల్లెలు ఇంట్లో ఉంటే సోఫాలో కునుకు తీయాలన్నా భయంగా ఉందండీ, లేచేసరికి ఎక్కడుంటానో" అని వదిన అంటూ ఉండేది. అన్నయ్య పకపకా నవ్వేవాడు. బుల్లి మూతి ముడుచుకుని, ఆయన తాగి పక్కన పెట్టిన కప్పు తీసుకుపోయి కడిగేసేది. కప్పులో ఇంకా సగం టీ ఉండేది.

ఆ ఇంట్లో ఉండేది ఈ ముగ్గురే. బుల్లి కళ్లద్దాల దుకాణంలో కౌంటరు చూస్తుంది. ఖాళీ దొరికినప్పుడల్లా వీడియోలు పెట్టుకుని వెబ్‌సైట్లు తయారు చేయడం నేర్చుకుంటోంది. నేర్చుకుంటోంది అనడం కంటే దానితో కుస్తీ పడుతోంది అంటే సబబుగా ఉంటుంది. వదిన ఆసుపత్రిలో స్పీచ్ థెరపిస్టు. నత్తి ఉన్న పిల్లలకు, మాట పడిపోయిన పెద్దవాళ్లకు, గొంతు ఆపరేషన్ అయినవాళ్లకు మళ్లీ మాట నేర్పే పని.

ఒకరోజు అన్నాల దగ్గర వదినే ఆ సంగతి ఎత్తింది.

"స్వరపేటిక తీసేసే ముందే మనిషి గొంతు రికార్డు చేసి పెట్టుకోవచ్చు బుల్లీ. తర్వాత ఫోన్లో బటన్ నొక్కితే వాళ్ల గొంతే వినపడుతుంది. ఏదో మరమనిషి మాట్లాడినట్టు కాకుండా. నా దగ్గర ఒక డొక్కు రికార్డరుంది, అందులో పేషెంటు గొంతు కంటే ట్రాలీ చక్రాల చప్పుడే ఎక్కువ పడుతుంది."

"నేను చేసిస్తా వదినా. ఇంట్లోనే కూర్చుని రికార్డు చేసుకునేట్టు" అంది బుల్లి, ముద్ద నోట్లో ఉండగానే.

"ముందు అన్నం తిను" అన్నాడు అన్నయ్య.

అన్నంత పనీ చేసింది. తెర మీద గళ్లు, ఒక్కో గడికి ఒక్కో మాట. గడిని నొక్కి పట్టుకుని మాట చెబితే రికార్డవుతుంది, తర్వాత ఊరికే తాకితే వినపడుతుంది. అంతే. చిన్న పనే, కానీ చక్కగా చేసింది, ఆ మాట ఒప్పుకోవాలి. చిక్కల్లా ఏమిటంటే, అది ఆమె ల్యాప్‌టాప్‌లోనే బతికేది. మూత వేస్తే అదీ నిద్రపోయేది. నలుగురి ఫోన్లలోకి వెళ్లాలంటే నిద్రపోని యంత్రం మీద పెట్టాలి. అందుకని ఒక సర్వరు అద్దెకు తీసుకుంది. ఎక్కడో ఎవరిదో పెద్ద యంత్రం, అందులో ఈమెకు ఒక వాటా. ఇంటి తాళం చేతికిచ్చినట్టు పాస్‌వర్డు ఇచ్చారు. లోపలికి వెళ్లి చూస్తే బొమ్మలూ లేవు, బటన్లూ లేవు. నల్లటి తెర, మిణుకుమిణుకుమనే గీత ఒకటి. ఏం కావాలన్నా టైపు చేసి అడగాలి. అక్షరం తప్పితే కసురుతుంది.

అద్దెకు తీసుకునేటప్పుడే ఒక ప్రశ్న అడిగారు, మీ సర్వరుకు రోజూ కాపీ తీసి దాచమంటారా అని. తర్వాత చూద్దాంలే అనుకుని దాటేసింది. ఈ 'తర్వాత' అనే మాటను ఎవరు పుట్టించారో గానీ, వాళ్లను నడిబజార్లో నిలబెట్టి అడగాలి.

ల్యాప్‌టాప్‌లో బుద్ధిగా పనిచేసిన మైకు సర్వరెక్కగానే మొండికేసింది. వారం పాటు బుర్ర గోక్కున్నాక తెలిసింది, పైన అడ్రసు పక్కన తాళం గుర్తు లేని సైటుకు బ్రౌజరు మైకు ఇవ్వదట. ఆ తాళం గుర్తు తెప్పించడానికి మరో నాలుగు వీడియోలు చూసింది. చివరికి ఒక ఆదివారం వదిన వంటింట్లో నిలబడి ఫోన్లో ఆ అడ్రసు కొట్టింది. పేజీ వచ్చింది. అన్నయ్య ఫోన్ లాక్కుని గడి నొక్కి పట్టుకుని, "మా చెల్లెలు నా తాళం పారేసింది" అన్నాడు. గడి తాకాడు. "మా చెల్లెలు నా తాళం పారేసింది" అంది ఫోను. బుల్లి ఎగిరి గంతేసింది. వదిన ఆమె నెత్తి మీద చెయ్యి పెట్టి, "మా ఆసుపత్రిలో అందరికీ చెబుతాను, మా ఆడపడుచు చేసిందని" అంది. ఆ మాటకు బుల్లి పొంగిపోయింది. తర్వాత ఆమె చేసిన పనికి ఆ పొంగే సగం కారణమని నా అనుమానం.

మొదటి పేషెంటు డ్రైవింగు మేష్టారు. ఊళ్లో సగంమందికి స్టీరింగు పట్టుకోవడం నేర్పినాయన. పక్కసీట్లో కూర్చుని అరిచి అరిచి జీవితం గడిపాడు. గొంతులో క్యాన్సరన్నారు, స్వరపేటిక మొత్తం తీసేయాలన్నారు. వదిన తన గదిలో బుల్లిని పరిచయం చేస్తే, గరగరలాడే బొంగురు గొంతుతో, "బానే ఉంది. బండి నేర్చుకునే వయసు పిల్ల నాకు మాట నేర్పుతుందన్నమాట" అన్నాడు.

రికార్డు చేయాల్సిన మాటలు వదిన ముందే రాసిచ్చింది. నీళ్లు కావాలి, నొప్పిగా ఉంది, లైటు తీసెయ్యండి, ఇలాంటివి. ఆయన చదివి కాగితం బల్ల మీద పెట్టేశాడు.

"ఇవన్నీ రోగం మాటలమ్మా. నా మాటలేవీ?"

"మీ మాటలంటే ఏంటండీ?"

"అద్దం చూశారా. క్లచ్చమ్మా, క్లచ్చు. బ్రేకు, బ్రేకు, బ్రేకు! ఇవీ నా మాటలు. ఇంకా మా ఆవిడను పిలవాలా వద్దా?"

పక్కనే ఉన్న ఆయన భార్య పమిట చెంగుతో నవ్వు దాచుకుంది. "ఏమోయ్ అని ఒక గడి పెట్టించుకుంటే సరిపోతుంది" అంది.

"ఒక్క ఏమోయ్ ఎలా సరిపోతుంది? మంచినీళ్లకొక ఏమోయ్, కళ్లజోడు కనపడకపోతే ఇంకో ఏమోయ్. వీధి గుమ్మంలోంచి పిలిచేది వేరు. ఊరికే, ఉన్నావా లేదా అని పిలిచేది వేరు. కోపమొస్తే అసలు పిలవను, దానికి గడి అక్కర్లేదు."

"సిగ్గు లేకపోతే సరి, చిన్నపిల్ల ముందు" అందావిడ. వదిన పగలబడి నవ్వింది. బుల్లి ఏమోయ్‌కి ఒక వరసంతా ఇచ్చింది.

ఆ తర్వాత మేష్టారు ఇంట్లో కూర్చుని రోజూ ఒక పూట రికార్డు చేసేవాడు. కొత్త మాట వచ్చినప్పుడల్లా బుల్లి దుకాణంలో గిరాకీ లేని వేళ చూసి, చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని వినేది. సరిగ్గా పడిందా లేదా అని చూడటానికే అని తనకు తాను చెప్పుకునేది. నిజానికి ఆయన మాటల కోసం ఎదురుచూసేది. ఒకదాంట్లో వెనక కుక్కరు కూసింది, ఆయన దాన్ని కూడా కసిరాడు.

ఆపరేషన్ రేపనగా బుల్లి సెలవు పెట్టుకుంది. పొద్దున్నే వదిన ఆసుపత్రి నుంచి ఫోన్ చేసింది. ఆపరేషనయ్యాక చేతికి సూదులుంటాయి, వేళ్లు వణుకుతాయి, ఆ గళ్లు కాస్త పెద్దవి చేసి పెట్టవే అంది. అదెంత పని. మధ్యాహ్నానికల్లా ల్యాప్‌టాప్‌లో మార్చేసింది. మార్చినదాన్ని సర్వరుకు పంపే ముందు ఒకసారి అక్కడ ఏముందో చూసింది. చూడకుండా ఉన్నా బాగుండేది. పాత ఫైళ్లు, పేర్లు మార్చి వదిలేసినవి, సగం రాసి మానేసినవి, అన్నీ అటూ ఇటూ పడి ఉన్నాయి. చేతులు దురద పెట్టాయి. ఫైళ్లు పంపే ఆదేశానికి చివర ఒక్క మాట తగిలిస్తే, ఇక్కడ లేనిది అక్కడ ఏదున్నా తీసేస్తుందని ఏదో వీడియోలో చూసింది. తగిలించింది. నొక్కింది.

తెర మీద వరసలు చకచకా పైకి పోయాయి. ఇల్లంతా ఊడ్చి తుడిచినట్టు ఆమెకు ప్రాణం హాయిగా అనిపించింది. ఆ వరసల్లో పోతున్న పేర్లు ఏమిటో చదవలేదు.

మేష్టారి రికార్డింగులన్నీ ఆ ఫోల్డర్లోనే ఉన్నాయి. ఆయన ఫోన్లోంచి నేరుగా సర్వరుకు వెళ్లినవి, ల్యాప్‌టాప్‌లో ఎప్పుడూ లేనివి. ఇక్కడ లేవు కాబట్టి అక్కడా ఉండకూడదని ఆమే ఆజ్ఞ ఇచ్చింది.

ఫోన్లో చూసుకుంది. గళ్లు పెద్దవిగా, ముచ్చటగా ఉన్నాయి. నీళ్లు అన్న గడి తాకింది. చప్పుడు లేదు. సౌండు పెంచింది. బ్రేకు తాకింది. ఏమోయ్ వరసంతా ఒక్కొక్కటే తాకుతూ పోయింది. అప్పుడు నల్లటి తెరలోకి వెళ్లి, రికార్డింగులుండే చోట ఏమున్నాయో చూపించమంది. ఏమీ చూపించలేదు. చెత్తబుట్టలోంచి తీద్దామంటే అక్కడ చెత్తబుట్ట కూడా ఉండదు. పారేస్తే పారేసినట్టే.

పోయిన ఫైళ్లు తవ్వి తీసే ఉపాయాలు బుల్లి వెతికింది. దొరికిన ప్రతిదీ ప్రయత్నించింది. సర్వరు అద్దెకిచ్చిన కంపెనీవాళ్లకు ప్రాధేయపడుతూ రాసింది. మా ఇంజినీర్లు పరిశీలిస్తారు, కాస్త ఓపిక పట్టండి అని మర్యాదగా జవాబొచ్చింది. ఆ ఒక్క ముక్కను పట్టుకుని వేలాడింది.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. అప్పటికి ఏమీ మునిగిపోలేదు. మేష్టారు ఆసుపత్రిలో మంచం మీద కూర్చుని ఉన్నాడు, గొంతు గొంతులోనే ఉంది. వదినకు ఒక్క ఫోను చేసి ఉంటే ఆ పూటే అన్నీ మళ్లీ రికార్డయ్యేవి. తిట్లు పడేవి, అంతే. బుల్లికి ఆ సంగతి తెలియక కాదు. ఫోను చేతిలోకి తీసుకోవడం, పెట్టేయడం, ఇంజినీర్లు ఏమన్నారో చూడటం, ఇదే వరస.

సాయంత్రం వదినే చేసింది.

"బుల్లీ, గళ్లు పెద్దవయ్యాయి, బాగున్నాయే. అన్నీ సరిగ్గా పడ్డాయి కదా? మేష్టారు అడుగుతున్నారు, ఇంకోసారి చెప్పమంటే చెబుతారట. ఈ పూటకు గొంతు బాగానే ఉంది."

వెనక నుంచి మేష్టారి గొంతు వినపడింది. "కుక్కరు పడింది కదా, అదొక్కటైనా మళ్లీ చెబుతానని చెప్పమ్మా."

చెప్పడానికి అంతకంటే మంచి వేళ ఇంకోటి రాదు. బుల్లి నోరు తెరిచింది. ఆసుపత్రిలో అందరికీ చెబుతానన్న వదిన మొహం కళ్ల ముందు కదిలింది.

"అన్నీ బాగున్నాయి వదినా. మళ్లీ ఎందుకు? గొంతుకు రెస్టివ్వమను."

"అదీ నిజమేలే" అని వదిన పెట్టేసింది.

పొద్దున్నే కంపెనీవాళ్ల జవాబొచ్చింది. మీరు కాపీ సదుపాయం ఎంచుకోలేదు కనుక తిరిగి తేవడం సాధ్యం కాదు, చింతిస్తున్నాము అని. బుల్లి ఉన్న బట్టల్తో ఉన్నట్టే ఆసుపత్రికి పరుగెత్తింది. ఇప్పుడైనా, ఒక్క వరసైనా, ఏమోయ్‌లైనా అనుకుంటూ మెట్లెక్కింది. ఆపరేషన్ థియేటరు బయట ఎర్రలైటు వెలుగుతోంది. వదిన తలుపు దగ్గర నిలబడి ఉంది.

"ఎప్పుడో తీసుకెళ్లారు. నువ్వేంటి ఇంత పొద్దున్నే? ఏడ్చావా?"

బుల్లి చెప్పింది. వదిన వింటూ వింటూ గోడకు ఆనుకుంది.

"నిన్న నేను ఫోన్ చేసేటప్పటికే నీకు తెలుసా?"

"తెలుసు."

"తెలిసే చెప్పావా?"

"తెలిసే" అంది బుల్లి. వదిన అరుస్తుందనుకుంది. అరిస్తే బాగుండునని కూడా అనుకుంది. వదిన అరవలేదు. "వాళ్లకు నేను మాటిచ్చాను బుల్లీ. నీ మాట మీద ఇచ్చాను. ఆవిడ అక్కడ కూర్చుంది. వెళ్లి నువ్వే చెప్పు. నన్ను రమ్మనకు" అని మొహం తిప్పుకుంది.

మేష్టారి భార్య వరండా చివర బెంచీ మీద ఉంది. ఒళ్లో ఆయన కళ్లజోడు, వాచీ, ఫోను ఒక కవర్లో పెట్టుకుని ఉంది. బుల్లిని చూసి పక్కకు జరిగింది. "కూర్చోమ్మా. టిఫిన్ చేశావా?" అంది.

ఆ ప్రశ్నకు బుల్లి ప్రాణం చచ్చిపోయింది.

"పిన్నిగారూ, మేష్టారి రికార్డింగులు పోయాయి. నా చేత్తోనే చెరిపేశాను. తెలియక చేశాను."

ఆవిడకు వెంటనే అర్థం కాలేదు. "పోతే మళ్లీ ఎక్కిస్తావుగా?"

"ఎక్కించడానికి ఎక్కడా లేవండీ."

ఆవిడ కవర్లోంచి ఫోను తీసి చూసుకుంది. ఒక గడి తాకింది. ఇంకో గడి తాకింది. ఫోను చెవికి దగ్గరగా పెట్టుకుని మళ్లీ తాకింది.

"మీ ఫోన్లో వీడియోలేమైనా ఉన్నాయా? పెళ్లిళ్లవీ, పుట్టినరోజులవీ? వాటిలోంచి తీస్తాను. ఎన్ని రోజులైనా కూర్చుని తీస్తాను" అంది బుల్లి గబగబా.

"వీడియోలు తీసేది ఆయనే కదమ్మా. అన్నిట్లోనూ మేమే ఉంటాం. 'ఇటు చూడండి' అంటారు, అంతవరకే." ఫోను కవర్లో పెట్టేసి అడిగింది. "ఎప్పుడు పోయాయి?"

అబద్ధం చెప్పే అవకాశం మళ్లీ వచ్చింది. ఈ పొద్దున్నే అంటే ఎవరు తేలుస్తారు? వదిన కూడా దాచేదేమో.

"నిన్న మధ్యాహ్నం."

ఆవిడ బుల్లి వైపు చూసింది. చాలాసేపు చూసింది. కోపం కూడా కాదది, ఏదో లెక్క తప్పి మళ్లీ మొదటి నుంచి చూసుకుంటున్నట్టుంది.

"నిన్న సాయంత్రం డాక్టరుగారు మాట్లాడుకోవచ్చనే అన్నారు" అంది. "ఈయన మంచి హుషారుగా కూర్చున్నారు. మీ వదిన వచ్చి, అన్నీ బాగా పడ్డాయండీ, ఇంక గొంతుకు రెస్టివ్వండి అంది. ఆ తర్వాత కూడా ఈయన ఏదో చెప్పబోయారు. నేనే ఊరుకోమన్నాను. రెస్టివ్వమన్నారుగా, రేపట్నుంచి ఫోన్లో ఎలాగూ వింటూనే ఉంటాగా అన్నాను. మళ్లీ నోరు తెరిచారు, వేలు చూపించి బెదిరించాను. పడుకునేదాకా ఇద్దరం మాట్లాడుకోలేదు."

రికార్డింగులు పోయాయనే నిన్నటి నుంచి బుల్లి ఏడుస్తోంది. ఇది ఆమె ఊహలో కూడా లేదు. చెరిపేసింది పొరపాటున. ఇది మాత్రం పొరపాటు కాదు. ఆ పూట వాళ్లిద్దరి నోళ్లూ తనే మూయించింది, వదిన గొంతుతో, బాగా తెలిసి.

"నన్ను కొట్టండి పిన్నిగారూ" అంది.

"కొడితే ఏమొస్తుంది?" అంది ఆవిడ. కళ్లజోడు కవర్లో సర్దుకుని, అవతలి బెంచీ మీదకు వెళ్లి కూర్చుంది.

రెండు రోజులకు మేష్టారిని వార్డులోకి మార్చాక బుల్లి వెళ్లింది. వదిన ముందే వచ్చి మంచం పక్కన పలకా, దాని పెన్నూ పట్టుకుని నిలబడి ఉంది. మేష్టారి మెడ కింద గొట్టం, చుట్టూ కట్టు. బుల్లిని చూడగానే ఆయన కళ్లు వెలిగాయి. సూదులున్న చెయ్యి కొంచెం ఎత్తి బొటనవేలు ఆడించాడు. ఫోను ఇమ్మని.

భార్య కవర్లోంచి ఫోను తీసింది. ఆయనకివ్వలేదు. బుల్లి చేతిలో పెట్టింది. "నేనింకా చెప్పలేదు. రెండు రోజులుగా చార్జింగు లేదంటున్నాను. నాకు అబద్ధాలు చాతకావడం లేదు, నువ్వే చెప్పు" అంది.

బుల్లి మంచం దగ్గరకు వెళ్లింది. ఆయన మొహం చూస్తూ చెప్పాలని మెట్ల మీద అనుకుంది, చెప్పగలిగింది.

"మేష్టారూ, మీరు చెప్పినవన్నీ పోయాయి. అనవసరమైనవి తీసేస్తున్నాననుకుని మీ మాటలు తీసేశాను. అప్పటికి మీకింకా గొంతుంది. మళ్లీ చెబుతానని మీరు అడిగారు, నేను విన్నాను. భయపడి బాగున్నాయన్నాను. క్షమించమని అడగడానికి కూడా నాకు మొహం లేదు."

ఆయన కళ్లలో వెలుగు అలాగే ఉంది, ఆ మాటలింకా లోపలికి వెళ్లలేదన్నట్టు. తర్వాత మెల్లగా భార్య వైపు తిరిగాడు. ఆవిడ తల ఊపింది, నిజమే అన్నట్టు.

మేష్టారి పెదాలు కదిలాయి. పక్కసీట్లో కూర్చుని అరిచేటప్పుడు కదిలినంత గట్టిగా, చాలాసేపు కదిలాయి. చప్పుడు రాలేదు. వదిన గబుక్కున పలక ముందుకు పెట్టింది. ఆయన దాన్ని మోచేత్తో నెట్టేశాడు. మళ్లీ అదే చెప్పాడు, ఈసారి నెమ్మదిగా, బుల్లి వైపే చూస్తూ.

తిట్టాడో, పోనీలే అన్నాడో, ఇంకేమన్నాడో బుల్లికి తెలియలేదు. వదిన రోజూ పెదాలు చూసి మాట పట్టే మనిషి. ఆమె కూడా తల అడ్డంగా ఊపింది.

"పిన్నిగారూ, ఏమంటున్నారు?" అంది బుల్లి.

ఆవిడ ఆయన మొహం మీదికి వంగి చూసింది. పెదాలు ఇంకోసారి కదిలే వరకూ ఆగి చూసింది.

"నాకూ తెలియడం లేదమ్మా" అంది.